మూడు అగ్గిపుల్లల మందం

ఒకే బండలోంచి కోసిన పలకలవి.
పద్నాలుగు, పదిహేను అని
అంచు మీద పసుప్పచ్చ రంగుతో అంకెలు వేసింది నేనే.
మధ్యలో రంపం తిన్న సందు
మూడు అగ్గిపుల్లల మందం.
మాలకొండయ్య మామ పుల్లలు పేర్చి చూపించాడు,
నాలుగోదాంతో బీడీ ముట్టించుకుంటూ.

పలక పలకలో ఓ తెల్ల గీత.
తెరిచిన పుస్తకంలా పక్కపక్కన పరిస్తే
రెండు తేళ్ళు కొండీలు ఆనించుకున్నట్టుండేది.
"ఇయ్యి జంట, విడదీయొద్దని రాయమ్మా" అన్నాడు.
రాశాను. కార్బన్ కాపీలో కూడా పడింది.

పెట్టెలు కట్టిన రోజు చూశాం.
పద్నాలుగు ఒక విమానాశ్రయానికి,
పదిహేను ఇంకోదానికి.
రెండూ ఉత్తరాన,
పటంలో రంగులు అయిపోయి కాగితం మిగిలే చోట.
నోరు తిరగని పేర్లు, అక్షరాల నెత్తిన చుక్కలు, సున్నాలు.
మేమే పెట్టుకున్నాం:
ఒకటి చలిపాలెం, ఒకటి మంచుపాడు.

ఆ రెంటికీ మధ్య ఎంతని అడిగితే
షిప్పింగ్ గుమాస్తా ఖాజావలి ఫోనులో చూసి చెప్పాడు.
"గాల్లో ఏడొందల నలభై కిలోమీటర్లు.
రెక్కలకి ఫ్యాన్లుండే చిన్న విమానంలో
గంటా నలభై నిమిషాలు.
రోడ్డు లేదు."

మామ అక్కడ ఆగిపోయాడు.
"రోడ్డు లేకుండా ఊరేందబ్బా?
పెళ్ళికెట్టా పోతారు, చావుకెట్టా పోతారు?"
"విమానంలోనే."
"మంచు పడితే?"
"ఆగాల్సిందే. రెండ్రోజులు, మూడ్రోజులు."
"యాడ ఆగుతారు?"
ఖాజావలి నవ్వాడు.
"నీ రాయి మీదే మామా."

చీమకుర్తి నుంచి ఒంగోలు మాకు ముప్పావుగంట,
సంతనూతలపాడు దగ్గర గేదెలు అడ్డం రాకపోతే.
కృష్ణపట్నం రేవుకి లారీ ఒక రాత్రి.
గంటా నలభై అంటే
మూడు పెట్టెలకు మేకులు కొట్టేంత సేపు.
ఏడొందల నలభైకి మాత్రం నా దగ్గర కొలత లేదు.
కనిగిరి అవతల నుంచి ఇక్కడికి
మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని నడిచొచ్చింది.
ఎంత దూరమే అంటే ఇప్పటికీ
"మూడు చోట్ల పొయ్యి పెట్టాం" అంటుంది.

ఒంటిగంట సైరన్ మోగి
గుంతలో తూటాలు పేలబోయే ముందు
అందరం రేకుల షెడ్డు కిందికి చేరతామా,
అప్పుడు నాకు చలిపాలెం కనిపిస్తుంది.
ఒకావిడ, తడి బూట్లు,
చేతిలో గుడ్డకట్టిన గిన్నె.
పద్నాలుగో పలక తేలు మీద నిలబడి
గాజు తలుపులోంచి చూస్తోంది.
బయట ఏమీ లేదు, తెలుపు.
కాలి కింద మా నేల.
మే నెలలో అది కాళ్ళు బొబ్బలెక్కించేదని
ఆవిడకి ఎవరు చెబుతారు?

మూడోనాడు తెరిపిస్తుంది. ఫ్యాన్లు తిరుగుతాయి.
గంటా నలభై నిమిషాలూ ఆవిడ నిద్రపోతుంది,
గిన్నె మాత్రం వదలదు.
మంచుపాడులో దిగి
బూట్లు దులుపుకుంటుంది
సరిగ్గా రెండో తేలు మీద.
ఎవరి కోసం వచ్చిందో వాళ్ళు ఎదురొస్తారు,
లేకపోతే రారు.
ఏడొందల నలభై కిలోమీటర్లు వచ్చాననుకుంటుంది.
రాయి లెక్కలో
మూడు అగ్గిపుల్లలు.

ఇదంతా చెబితే మామ ఒప్పుకోలేదు.
"కాదమ్మా శేషారత్నం,
ఆ మూడు పుల్లల సందులో ఉండే రాయి ఏమైంది?
బురదైపోలా?"
షెడ్డు వెనక కుప్ప చూపించాడు.
బూడిదరంగు, ఇంకా తడి.
ఓ మేక అందులో కాలు పెట్టి
దిగబడి అరుస్తోంది.
"దూరమంటే అదీ."

మేకని లాగుదామని లేచాను.
రెండో సైరన్ మోగింది.
కూర్చున్నాను.